ఆకుపచ్చ కారు

మా ఆయన కారు కొంటున్నానని చెప్పినప్పుడు నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. విన్న విస్మయంలో ఏరిన రాళ్లన్నీ మళ్లీ బియ్యంలోనే పోసేశాను. కారు కొనడం వింతేమీ కాదు, మా లైన్లో సగం క్వార్టర్ల ముందు కార్లున్నాయి. ఈయన కొంటానన్నది రెండే సీట్లుండే కారు. పైన రేకు కూడా ఉండదట. గుడ్డ కప్పట, వానొస్తే బిగించుకోవాలట. రాయ్‌పూర్‌లో ఎవరో పెద్దమనిషి ఏళ్ల తరబడి మురిపెంగా వాడుకుని, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో అందులోంచి లేవలేక అమ్మేస్తున్నాడట.

"ఇంట్లో ముగ్గురం ఉన్నాం. రెండు సీట్లేటండీ?" అన్నాను.

"స్పోర్ట్స్ కారు అలగే ఉంటాది కనకం," అన్నాడు ఎంతో ఓర్పుగా, తప్పంతా నా లెక్కలోనే ఉన్నట్టు.

ఈ కబురు పక్క క్వార్టర్ సౌభాగ్యకి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. "అయితే ఒదినా, మీ అమ్మాయిని డిక్కీలో కూకోబెడతారేటి?" అని ప్రహరీ మీంచి అడిగి, నేను కనబడినప్పుడల్లా నవ్వింది.

మా ఆయన పేరు పైడిరాజు. బిలాస్‌పూర్‌లో గూడ్సు బండ్ల లోకో పైలట్. జీవితమంతా బొగ్గు బండ్లు నడిపిన ఈ మనిషికి చుట్ట లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ ముందు ఎవరో ఆఫీసరు కారు చూశాడట. రెండు సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు, నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. దాని బోనెట్‌లో తన మొహం చూసుకుని జుట్టు దువ్వుకున్నాడట. ఆ కథ పెళ్లయిన కొత్తల్లో విన్నాను, మా అమ్మాయి తేజస్వి పుట్టాక విన్నాను, అది కాలేజీలో చేరాక కూడా విన్నాను. ఎన్నిసార్లు చెప్పినా కథా మారలేదు, కారు రంగూ మారలేదు.

రాయ్‌పూర్ వెళ్లి కారు చూసొచ్చిన సాయంత్రం ఆయన కాళ్లు నేల మీద లేవు.

"అదే రంగు కనకం! ముదురు ఆకుపచ్చ, అచ్చం ఆఫీసరు కారే! ఇంజనేమో మామూలు కార్లకుండేదే, ఉస్లాపూర్‌లో మన మెకానిక్ చూసుకుంటానన్నాడు. పాతది గనక కొత్త మోటారుసైకిల్ ధరకే వచ్చీసింది."

నేను మూతి ముడుచుకుని తిరిగాను గానీ, చేతులు ఊరుకోవు కదా. ఆకుపచ్చ గుడ్డ తెచ్చి రెండు సీట్లకీ కవర్లు కుట్టాను. నేను మిషను తొక్కుతుంటే ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని, గుడ్డ కారుకి ఎంత బాగా కలుస్తుందోనని మురిసిపోయాడు.

కారు ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. అమ్మినాయన డ్రైవరు తోలుకొచ్చి, తాళాలు ఈయన చేతిలో పెట్టి, స్టేషనుకి ఆటో ఎక్కేశాడు. నేను ఒక చేత్తో హారతి పళ్లెం, ఇంకో చేత్తో సీటు కవర్లు పట్టుకుని గుమ్మం దిగాను. దిగి అక్కడే నిలబడిపోయాను.

కారు ఎర్రగా ఉంది. ఎండుమిరపకాయలా ముదురు ఎరుపు.

"నాన్నా, యే తో లాల్ హై! గ్రీన్ అన్నారు కదా?" అంది తేజస్వి.

కారు చుట్టూ పెళ్లికొడుకులా తిరుగుతున్నవాడు ఆగిపోయాడు. కారు ఎర్రగా ఉందని ఎవరైనా అంటే మనిషి ఏం చేస్తాడు? కారు వైపు చూస్తాడు. ఈయన చూడలేదు. తేజస్వి మొహంలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు, ప్రహరీ మీంచి తొంగిచూస్తున్న సౌభాగ్య మొహంలోకి చూశాడు. ఆ తర్వాత పెద్దగా నవ్వాడు.

"సర్‌ప్రైజ్! మీ అమ్మని ఏడిపిద్దామని పచ్చదని చెప్పాను."

అందరూ నవ్వారు. సౌభాగ్య అయితే గోడ పట్టుకుని మరీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. వేళాకోళానికి కూడా ఒక హద్దుండాలి కదా? పక్కన కూర్చుని అంతలా మురిసిపోయి, ఆకుపచ్చ గుడ్డంతా నా చేత కుట్టిస్తాడా? అప్పటికి నాకు కోపం ఒక్కటే, భయం ఇంకా రాలేదు.

దిష్టికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టాలి. ఇక్కడ ఆ దండ కట్టకుండా ఏ బండినీ గేటు దాటించరు. రతన్‌పూర్ అమ్మవారి దగ్గర పూజ తర్వాత చేయిద్దామనుకున్నాం. పెరట్లో మిరప మొక్కల నుంచి దోసెడు కాయలు కోసి చేటలో పోశాను. పచ్చివీ పండువీ కలిసిపోయి ఉన్నాయి.

"పచ్చివి ఏరి దారానికి గుచ్చండి, నేను పసుపు కలుపుకొస్తాను," అని సూదీ దారం ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి దండ కారు ముందు వేలాడుతోంది. నిమ్మకాయ పైన ఒక పచ్చి కాయ, దాని పక్కన పండు కాయ, మళ్లీ పండుదే, మళ్లీ పచ్చిది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, శ్రద్ధగా చేసిన పనిని చూసుకున్నట్టు దాన్ని చూసుకుంటున్నాడు. చేటలో మంచి పచ్చి కాయలు అలాగే మిగిలిపోయి ఉన్నాయి.

పసుపు గిన్నె నా చేతిలోంచి జారిపోయింది. ఈయన రైలు నడిపే మనిషి. దూరాన వెలిగే దీపం ఎరుపో పచ్చో చూసి, వెనకున్న అంత బొగ్గునీ ఆపాలో పోనివ్వాలో తేల్చుకునే మనిషి.

"ఒకసారి లోపలికి రండి," అన్నాను.

వంటింటి తలుపు వేసి, ఒక పచ్చి కాయా ఒక పండు కాయా ఆయన అరచేతిలో పెట్టాను. "ఏది పచ్చిది?"

"ఇదేం వేళాకోళమే?"

"చెప్పండి."

ఆయన రెండు కాయల్నీ వేళ్లతో మెల్లగా నొక్కి చూశాడు.

"కళ్లతో చూసి చెప్పండి!" అని అరిచాను.

ఆయన గోడవారగా ఉన్న పీట మీద కూలబడ్డాడు.

"వర్షాకాలం నుంచీ ఇలగే ఉంది. రంగులన్నీ ఉతికి ఉతికి ఎలిసిపోయినట్టుంటన్నాయి. చత్వారమేమో అనుకున్నాను. మెడికల్ పరీక్ష ఎలాగూ వచ్చేయేడే కదా, అప్పుడు సూద్దాంలే అనుకున్నాను. కారు మాత్రం పచ్చదే అనుకున్నాను కనకం. నీ మీదొట్టు. నాకు పచ్చగానే కనబడింది."

"మరి సిగ్నళ్లు?"

అడిగానే గానీ, జవాబు వినకుండా పారిపోవాలనిపించింది.

"రాజేంద్ర చెప్తాడు కదా," అన్నాడు.

రాజేంద్ర ఆయన అసిస్టెంటు. ఇంజనులో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి. పైలట్ కూడా తన కళ్లతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. రెండు జతల కళ్లు ఒకే రంగు చూస్తేనే బండి కదలాలని ఆ రూలు పెట్టారు. ఈయన చూడటం లేదు. రాజేంద్ర అన్నమాట విని, అదే మాట తిరిగి అంటున్నాడు. ఆ బండిలో చూసే కళ్లు ఒక్క జతేనని ఆ కుర్రాడికి తెలియనే తెలియదు.

"దీపం పైన ఎలిగిందా కిందెలిగిందా అని కూడా చూస్తాను. ఎరుపు అన్నిటికన్నా కిందుంటాది. మరీ గుడ్డిగా తోలతన్నాననుకున్నావేటి?"

వర్షాకాలం పోయింది, చలికాలం కూడా వెళ్లిపోతోంది. అన్నాళ్లూ నేను క్యారేజీ కట్టి ఇచ్చి, జాగ్రత్తండీ అని అలవాటుగా ఒక మాట అనేసి, తలుపేసుకుని సుఖంగా నిద్రపోయాను.

అప్పుడే ఫోను మోగింది. డ్యూటీ పిలుపు. కోర్బా వైపు ఖాళీ బండి వెళ్లాలట. "అచ్ఛా, ఆతా హూఁ," అని వస్తున్నట్టు చెప్పి ఆయన ఫోను పెట్టేసి, లేచి, డ్యూటీ పెట్టె అందుకున్నాడు. ఇంత మాట అయ్యాక కూడా, నా కళ్ల ముందే. నాకు కారు చూసినప్పటి కన్నా, దండ చూసినప్పటి కన్నా ఇదే పెద్ద దెబ్బ.

వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఏ కళ్లతో వెళ్తున్నారు?"

"కనకం, రిటైరవడానికి ఇంకెన్నాళ్లుందని? ఇప్పుడు కళ్లు బాగోలేవని తేలితే ఇంజను దింపీసి ఆఫీసులో కుర్చీ ఏస్తారు. నా చేతికింద పని నేర్చుకున్నోళ్లు నాకు నమస్తే పెట్టి ఇంజనెక్కుతారు. జీతం ఇస్తార్లే, దాని గురించి కాదు. ఇంజను ఉండదు."

నాకు జాలేసింది. చాలా జాలేసింది. ఆ జాలితో పక్కకి తప్పుకుంటే ఏమవుతుందో కూడా కళ్లకి కట్టింది.

"రాజేంద్రకి తుమ్మొస్తేనో?" అన్నాను.

"ఏటి?"

"సరిగ్గా సిగ్నల్ వచ్చే వేళకి తుమ్మాడనుకోండి. మొన్న వాళ్ల పాప బారసాలకి వెళ్లొచ్చాం కదా, ఆ పసిది రాత్రంతా ఏడిస్తే నిద్దర చాలక తప్పు చూశాడనుకోండి. రెడ్ ఉంటే గ్రీన్ అన్నాడనుకోండి. అప్పుడు మీరేటంటారు?"

ఆయన పెట్టెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నేను చెప్పనా? మీరూ గ్రీన్ అంటారు."

పెట్టె మెల్లగా కిందికి దిగింది. ఆయన దాని మీదే కూర్చుని నేల చూపులు చూశాడు.

"అన్నాను," అన్నాడు. "ఓసారి అన్నాను. మంచులో. వాడు గ్రీన్ అన్నాడు, నేనూ గ్రీన్ అన్నాను. వాడే మళ్లీ 'నహీ సర్, రెడ్ హై' అని కేకేశాడు. బ్రేకేశాను. ఆగింది."

నేను ఏడవలేదు, తిట్టలేదు. రెండింటికీ ఒంట్లో సత్తువ లేదు. ఆ బండి ఆగకపోతే ఆ పసిపాప గతేమిటన్న ఆలోచన ఒక్కటే నన్ను పట్టి కుదిపేసింది.

నేను చెప్పకుండానే ఆయన ఫోను తీశాడు. ఇందాక పిలిచినవాళ్లకే చేశాడు. "సిక్ మే లిఖ్ దీజియే సర్. రంగ్ నహీ దిఖ్ రహే." అవతలివాళ్లకి నమ్మకం కలగలేదు కాబోలు, సిక్‌లో రాసుకోమనీ, రంగులు కనబడటం లేదనీ మళ్లీ చెప్పాడు. రెండోసారి చెప్పేటప్పుడు అటు తిరిగి చెప్పాడు.

వెంటనే రైల్వే ఆసుపత్రికి వెళ్లి కళ్లు చూపించుకోమన్నారు. ఆటోలో వెళ్దామన్నాను. ఆయన గుమ్మంలోంచి కారు వైపు చూశాడు.

"ఒక్కసారి కనకం. అక్కడిదాకా. మెల్లగా తోలతాను."

ఆ ఒక్కసారికి సరేనన్నాను. తేజస్వి ఎప్పుడు తొడిగిందో, ఎర్ర కారులో నా ఆకుపచ్చ కవర్లు బిగుతుగా అమరి ఉన్నాయి. ఎక్కి కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంది. సౌభాగ్య చెయ్యి ఊపింది. పాపం, మేం షికారుకి వెళ్తున్నామనుకుంది. నేనూ చెయ్యి ఊపాను.

కాలనీ దాటేదాకా బాగానే నడిపాడు. నాలుగు రోడ్ల కూడలికి వచ్చాం. మా ముందు ఎవరూ లేరు. సిగ్నల్ స్తంభం మీద పై దీపం వెలుగుతోంది. కారు ఆగడం లేదు, అలాగే ముందుకి పోతోంది.

"రెడ్!" అని అరిచాను.

కారు కీచుమని ఆగింది. అటునుంచి వచ్చిన ఆటో మా ముందునుంచి దూసుకుపోయింది. దాని డ్రైవరు వెనక్కి తిరిగి తిట్టిన తిట్లన్నీ పైకప్పు లేని మా కారులో నేరుగా వచ్చి పడ్డాయి.

"పైన ఎలిగింది కదా," అన్నాడు ఆయన, మొహం పాలిపోయి. "మా రైలు సిగ్నళ్లలో పైది ఎరుపు కాదు." ఇన్నాళ్లూ మోటారుసైకిల్ మీద ముందున్నవాళ్లు కదిలితే తనూ కదిలేవాడట.

ఆయన ఊపిరి పీల్చుకుని, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, "రెడ్," అని గట్టిగా తిరిగి చెప్పాడు.

దీపం మారింది. వెనక హారన్లు మొదలయ్యాయి. చూసి చెబుదామంటే నాకు కళ్ల నిండా నీళ్లు. ఇప్పుడు కింది దీపం వెలిగిందని ఆయనకీ కనబడుతూనే ఉంటుంది. హారన్లు వినబడుతూనే ఉన్నాయి. ఎవరో పక్కనుంచి తోసుకుపోతూ బూతులు కూడా తిట్టారు. అయినా కారు కదల్లేదు.

"చెప్పు కనకం," అన్నాడు, చూపు రోడ్డు మీంచి తిప్పకుండా. "చూసి చెప్పు."

కొంగుతో కళ్లు తుడుచుకుని చూశాను. సరిపోదని మళ్లీ చూశాను.

"గ్రీన్," అన్నాను.

"గ్రీన్," అన్నాడు ఆయన. అప్పుడు గేరు వేశాడు.