టికెట్టుకు నేర్పిన పని

హిందూపురం సంజీవప్పకు ఉన్నది ఒకటే బస్సు. మాటతీరు చూస్తే మాత్రం రాష్ట్రంలో సగం బస్సులు ఆయనవేననుకోవాలి. సాయంత్రం హిందూపురంలో బయలుదేరి, పెనుకొండలోనూ ధర్మవరంలోనూ ఆగి, తెల్లారేసరికి హైదరాబాదు చేరే ఆ బస్సుకు మూడు ఊళ్ళలో మూడు కౌంటర్లున్నాయి. రెండువేల ఆరులో ఆ మూడింటికీ కంప్యూటర్లు పెట్టించి, ఒకదానికొకటి కలిపి, టికెట్ల ప్రోగ్రాం రాసిన పిల్ల పేరు నీలావతి. సొంతూరు పరిగి. ఎం.సి.ఏ. చదివి, బెంగుళూరుకు పోను, ఇక్కడే ఏదో ఒకటి చేసి చూపిస్తానని ఇంట్లో పోట్లాడి మరీ చేరింది.

టికెట్లు అమ్మినన్నాళ్ళు ప్రోగ్రాం బాగానే నడిచింది. రద్దు చేయవలసి వచ్చినప్పుడే దాని బండారం బయటపడింది. పెనుకొండలో ఒక కుటుంబం వాళ్ళు ఫోన్ చేసి తమ టికెట్లు రద్దు చేయించుకున్నారు. టికెట్లు పోయాయి గానీ సీట్లు వెనక్కి రాలేదు, తెర మీద ఎర్రగానే కూర్చున్నాయి. ధర్మవరంలో సామాన్లతో నిలబడినవాళ్ళకు బస్సు నిండిపోయిందని చెప్పేశారు. ఆ నిండిన బస్సు ఖాళీ సీట్లతో వాళ్ళ ముందు నుంచే దర్జాగా వెళ్ళింది. అప్పుడు వాళ్ళు ఏమన్నారో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ధర్మవరం కౌంటర్లో కూర్చునే చెన్నకేశవులుకు మొదటినుంచీ కంప్యూటరంటే గిట్టదు. గళ్ళు గీసిన అట్ట మీద పెన్సిలుతో సీట్లు కొట్టేసుకుంటూ ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చిన మనిషి. ఆయనకు ఆ రోజు పండగే అయింది.

"నా అట్ట ఎప్పుడన్నా ఇట్ల చేసిందా సంజీవప్పన్నా?" అన్నాడు ఫోన్లో. "ఆ పెట్టెలు అమ్మేసి బస్సుకు కొత్త టైర్లు ఏయించుకో."

సంజీవప్ప నీలావతిని పిలిపించాడు. "ఏమ్మా, దసరా వస్తాండాది. శుక్రవారం దాకా చూస్తా. ఆ పొద్దు గూడా రోడ్డు మీద మనుషులు నిలబడి, బస్సులో సీట్లు ఖాళీగా పోతే, కంప్యూటర్లూ పోతాయి, నువ్వూ పోతావు. మళ్ళ నన్ననొద్దు."

నీలావతికి కోపం వచ్చింది. కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. ఈ పని పోతే బెంగుళూరు బస్సెక్కక తప్పదు. ‘మేం చెప్పలేదా’ అని ఇంట్లోవాళ్ళు అనే మాట జన్మంతా వినక తప్పదు.

తప్పు ఎక్కడుందో మాత్రం తొందరగానే దొరికింది. టికెట్టు రద్దు కావడానికి మూడు దారులు. కౌంటరుకు వచ్చి చేయించుకోవచ్చు, ఫోన్‌లో చెప్పవచ్చు, లేదంటే బస్సు కదిలేటప్పుడు రానివాళ్ళవి కొట్టేస్తారు. ప్రతి దారిలోనూ ‘సీటు వదిలిపెట్టు’ అని విడివిడిగా రాసుకుంటూ పోయింది, ఫోన్ దారిలో రాయడం మరిచిపోయింది. అక్కడొక ముక్క అతికించి ఊరుకోవచ్చు. రేపు నాలుగో దారి వస్తే మళ్ళీ ఇదే మరుపు. అందుకని ఆమె దారుల జోలికి పోకుండా టికెట్టుకే బుద్ధి నేర్పింది. ప్రోగ్రాంలో ప్రతి టికెట్టూ ఒక ఆబ్జెక్టు. దానికి పుట్టుక ఉంటుంది, మార్పు ఉంటుంది, చావు ఉంటుంది. ఆ ఘడియ వచ్చినప్పుడు ఏం చేయాలో దాని లోపలే రాసిపెడితే, ఎవరూ గుర్తు చేయకపోయినా ఆ పని జరిగిపోతుంది. కాల్‌బ్యాక్ అంటారు దాన్ని.

సంజీవప్పకు ఇలా చెబితే తలకెక్కదని ఆమెకు తెలుసు.

"అన్నా, బస్సు కదిలేముందు టైరు కింద నిమ్మకాయ పెట్టమని క్లీనరుకు దినామూ నువ్వు చెప్తావా?"

"నేను చెప్పేదేముండాది? టైమైతే వాడే పెడ్తాడు."

"టికెట్టు గూడా అంతే అన్నా. యాడ రద్దు చేసినా సరే, టైమొస్తే అదే సీటును వదిలేస్తాది."

సంజీవప్ప మీసం దువ్వుకుని "చూస్తాంలే" అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే సగం ఒప్పుకున్నట్టే.

బుధవారం ఒక ఉత్తుత్తి టికెట్టు పుట్టించి రద్దు చేసి చూసింది. సీటు ఎర్రగానే ఉంది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. కాల్‌బ్యాక్ నడుస్తున్నట్టు తెర మీద కనిపిస్తూనే ఉంది, సీటు మాత్రం ఉలకదు పలకదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు గదా, పాపం ఆమెకు ఎలుక కూడా దొరకలేదు. పైగా చెన్నకేశవులు ఫోన్ చేసి "ఏమ్మా, అట్ట మళ్ళ గీసుకోమంటావా?" అని పరామర్శించాడు.

గురువారం పెనుకొండ కౌంటర్లో వైరు సరిచేయవలసి వచ్చి ఆర్డినరీ బస్సెక్కింది. సోమందేపల్లి దాటాక చూస్తే జనం నిలబడి ఉన్నారు గానీ ఒక కిటికీ సీటు ఖాళీగా ఉంది. దాని మీద నీలం గళ్ళ తువ్వాలు పరిచి ఉంది. ఇంకొకరు తువ్వాలు వేసిన సీట్లో కూర్చోవడమంటే కయ్యానికి కాలు దువ్వడమే గనక ఎవరూ అటు పోలేదు.

"ఎవురిదప్పా ఈ తువ్వాల?" అని కండక్టరు అరిచాడు. పలికినవాళ్ళు లేరు.

"సోమందేపల్లిలో దిగిపోయినాడు నాయనా," అంది పక్క సీట్లోని అవ్వ. "మరిచిపోయినట్టుండాడు."

"దిగేముందే తీసుకోవాల గదవ్వా. మనిషి దిగిపోయినాక ఎవురిదని అడిగితే ఎవురు చెప్తారు?"

నీలావతి నిలబడినచోటే పకపకా నవ్వింది. అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. తాను చేసిన తెలివితక్కువ పనీ అదే మరి. టికెట్టు పోయిన తర్వాత దాన్ని పట్టుకుని ‘నీది ఏ సీటు’ అని అడుగుతోంది. పోయిన టికెట్టు ఏమని చెబుతుంది? రాసింది సరైన పనే, పెట్టిన చోటే తప్పు. తీసేసిన తర్వాత చేయమన్నదాన్ని తీసేసే ముందు చేయమనాలి, అంతే.

పెనుకొండలో ముందు వైరు సంగతి చూసి, ఆ వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని కాల్‌బ్యాక్‌లో రాసిన నాలుగు వరుసలనూ చోటు మార్చింది. టికెట్టు రద్దు చేసింది. సీటు పచ్చబడింది. మూడు దారుల్లోనూ చేసి చూసింది, మూడింట్లోనూ పచ్చబడింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

శుక్రవారం సాయంత్రం బస్సు దగ్గర సంజీవప్ప ఆమె చేతికొక టికెట్టు ఇచ్చాడు. "కిటికీ పక్క సీటు. హైదరాబాదు దాకా పోయి కండ్లారా చూసి రాపో."

పండగ రద్దీ. పెనుకొండలో బస్సు దాదాపు నిండింది. ధర్మవరంలో ఎక్కేవాళ్ళంతా ఎక్కారు. చివరికి చెన్నకేశవులే ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని బస్సులోకి వచ్చి నీలావతి ముందు ఆగాడు.

"లెయ్యమ్మా. ఈ సీటు ఈ పాపది."

"ఇది నాది కేశవన్నా. సంజీవప్పన్నే ఇచ్చినాడు."

"ఇచ్చినాయనే తీసేసినాడు. నువ్వు పెనుకొండ దాటినాక నీ టికెట్టు రద్దయింది, ఈడ నా కండ్ల ముందరే సీటు పచ్చగైంది. ఈ పాపది బత్తలపల్లి, పేరు రేఖ. రేపు పొద్దున హైదరాబాదులో బ్యాంకు పరీక్షంట. సీటు లేదంటే పోకుండా మధ్యాన్నం నుంచి ఈడనే కూచోనుండాది. ఆ సీటు ఆయమ్మికి రాసిచ్చినా."

నీలావతి లేచి నిలబడింది. రేఖ మొహమాటపడుతూ కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, "థ్యాంక్సక్కా" అంది. నీలావతి బస్సును ముందు నుంచి వెనక దాకా చూసుకుంది. ఒక్క సీటూ ఖాళీ లేదు. ఆమె గుండె పొంగిపోయింది.

కిందికి దిగి కౌంటరు ఫోన్ అందుకుంది. "నా టికెట్టు తీసేసింది ఎవురన్నా?"

"నేనేమ్మా," అన్నాడు సంజీవప్ప. కంప్యూటరును ఎన్నడూ ముట్టని మనిషి గొంతులో గర్వం దాగలేదు. "ఒక్క వేలితో, ఎవురూ చెప్పకుండానే. ఫోన్ దారిలోనే చేసినా, ఆ పొద్దు మనల్ని ముంచింది అదే గదా. ఇంకొకరి సీటుతో ఆడుకుంటే బాగుండదని నీదే తీసేస్తి." తర్వాత గొంతు తగ్గించాడు. "రేపు బిరీన రా. కదిరిలో గూడా కౌంటరు తెరుస్తాండాం. ఆడ ఏమేం కావల్లో నువ్వే చెప్పాల."

బస్సు హారన్ కొట్టి కదిలింది. నీలావతి హిందూపురం పోయే ఆర్డినరీ బస్సెక్కింది. అది కిటకిటలాడుతోంది. ఊరు చేరేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది, రాజ్యం గెలిచి వస్తున్న మనిషిలాగా.