ఆ చెయ్యి నాదేనండి

మూడో లంచ్ డబ్బాకి మూత పెడుతుండగా ఫోన్ మోగింది. పోలీస్ స్టేషన్ నుంచి. బస్సుల్లో దొంగతనాలు చేసేవాడొకడు దొరికాడట, వాడి సంచీ నిండా వాచీలేనట. "మీది కూడా ఉందేమో వచ్చి చూసుకోండమ్మా. బిల్లుగానీ, అది పెట్టుకున్న ఫోటోగానీ తెచ్చుకోండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ఆమె చేతిలోని మూత పక్కన పెట్టేసింది. బస్సులో పోయింది వాళ్ళమ్మ వాచీ. టెలిఫోన్ ఆఫీసులో చేరిన ఏడాది తన జీతంతో తనే కొనుక్కుంది అమ్మ. ఆసుపత్రిలో చివరి వారం తన చేతినుంచి విప్పి కూతురికి పెట్టి, "రోజూ కీ ఇవ్వడం మర్చిపోకే," అంది. అది పోయి పదిహేను రోజులు. ల్యాబులో రోగుల రక్తం తీస్తూ ఎన్నిసార్లు ఖాళీ మణికట్టు వైపు చూసుకుందో.

"ఆ పాత ఇనపముక్క కోసం సెలవు పెడతావా? కొత్తది కొనిస్తానన్నాగా," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

"పెడితే పెట్టావుగానీ, ఆ పరదాలు కూడా ఉతికెయ్యమ్మా. ఎలాగూ ఖాళీయేగా," అంది అత్తగారు.

బిల్లు ఎప్పుడో పోయింది. ఇక ఫోటోలే దిక్కు. మంచం మీద కూర్చుని ఫోన్లో పదకొండేళ్ళ కాపురాన్ని వేలితో పైకి తోసుకుంటూ పోయింది. మామగారి రిటైర్మెంటు సభ, కొడుకు పరుగుపందెం, ఆడపడుచు కొత్త ఇల్లు, సముద్రం ఒడ్డున అందరూ పళ్ళికిలిస్తూ. అందరూ ఉన్నారు, తను లేదు. ఎలా ఉంటుంది? "నువ్వు తియ్యి, నీకైతే చెయ్యి వణకదు," అని ప్రతిసారీ ఫోను తన చేతిలోనే పెట్టారు. అది మెచ్చుకోలని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది. ఎవరూ తనని రావద్దనలేదు. రమ్మని మాత్రం ఒక్కరికీ తోచలేదు. గంటన్నర వెతికితే ఒక్కటి దొరికింది, కొడుకు పుట్టినరోజుది. కేకు పక్కన, అంచున, ప్లేటు పట్టుకున్న ఎడమ చెయ్యి. మోచేతి దగ్గర ఫోటో తెగిపోయింది. మణికట్టుకి వాచీ ఉందిగానీ, వెలుతురు పడి రంగు కూడా తెలియడం లేదు.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ ఆమె ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో మీరెక్కడమ్మా?"

"ఆ చెయ్యి నాదేనండి."

"చెయ్యి ఎవరిదైనా కావచ్చు. మొహం ఉండొద్దూ? పోనీ మీ ఆయనకి కలపండి. ఆయన చెప్తే చాలు."

కలిపింది. భర్త గొంతు గదంతా వినిపించింది. "మా ఆవిడదే సార్. బంగారం రంగు. ఎర్ర పట్టీ."

హెడ్ కానిస్టేబుల్ బల్ల మీద గాలించి, బంగారం రంగు వాచీ ఒకటి ఆమె ముందుకు తోశాడు. "ఇదిగోనమ్మా. సంతకం పెట్టండి."

"ఇది నాది కాదండి."

"మీ ఆయనే చెప్పారుగా!"

"ఆయన నా చేతివంక ఎప్పుడూ చూళ్ళేదండి." ఆ మాట అంత గట్టిగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "నాది ఆ మూలనున్న స్టీలుది. నల్ల పట్టీ. మా అమ్మ చిక్కిపోయాక వదులైతే, సూది కాల్చి నేనే ఒక చిల్లు పెట్టాను. మిగతావాటికంటే సన్నగా, కొంచెం పక్కకి ఉంటుంది. వెనక మూత మీద మూడు గీతలుంటాయి."

పక్కనున్న మహిళా కానిస్టేబుల్ వాచీ తీసి వెనక్కి తిప్పింది, పట్టీని వెలుతురుకి పెట్టి చూసింది. "ఈవిడదే సార్," అంది.

కాగితాలు, సంతకాలు అన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. ఇంటికి వచ్చేసరికి భర్త హాల్లో ఉన్నాడు.

"దొరికిందా?" అని, తల్లి వైపు తిరిగి, "చూశావా అమ్మా! నేను ఫోన్లో చెప్పబట్టే ఇచ్చారు. లేకపోతే నెల్లాళ్ళు తిప్పేవాళ్ళు," అన్నాడు.

పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆకలేస్తోంది. ఏమైనా పెట్టండి," అంది భర్తతో.

అతను నవ్వబోయి ఆగాడు. తల్లి మొహం చూశాడు. మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఒకదాని తర్వాత ఒకటి అలమరా తలుపులు తెరుచుకున్నాయి.

"ప్లేట్లు ఎక్కడుంటాయి?" అని అరిచాడు లోపల్నించి.

ఆమె లేవలేదు.

"వెతకండి," అంది.