పసుపంటిన పేజీలు

శైలజకు ఏది జరిగినా ముందు చెడే తోస్తుంది. బస్సు కాస్త ఆలస్యమైతే కాలువలో పడిందనుకుంటుంది. ఫోన్ ఎత్తకపోతే ఫోన్‌తో పాటు మనిషినీ ఎవరో ఎత్తుకుపోయారనుకుంటుంది. అలాంటి తల్లికి, బోధన్‌లో డిగ్రీ చదువుతున్న బిడ్డ అఖిల ఒకనాడు మేడమీద ఒంటరిగా కూర్చుని నవ్వుతూ కనిపించింది. మర్నాడు అదే చోట కూర్చుని కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. చేతిలో ఫోన్ లేదు. ఒళ్లో పుస్తకం ఉంది.

ఆడపిల్ల తనలో తాను నవ్వి, తనలో తాను ఏడ్చిందంటే దానికి ఒకటే అర్థమని శైలజ తేల్చేసుకుంది. పిల్లవాడెవరు, ఏ ఊరు, ఎప్పుడు లేచిపోతారు, ఇవి తేలితే చాలు. దానికి తోడు ఆ వారంలోనే అఖిల పుస్తకంలో పడి, దిగాల్సిన చోట దిగక, బస్సులో చందూర్ దాకా పోయింది. ఆ పూట శైలజ గుమ్మం పట్టుకుని నిలబడి బిడ్డకు జరగగలిగిన ఘోరాలన్నీ మనసులో చూసేసింది.

ఆ కోపం పసుపు కల్లంలో బయటపడింది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు మడిలో వాళ్లు పసుపు వేస్తున్నారు. తవ్విన పచ్చి పసుపు కుప్పల చుట్టూ కూలి ఆడవాళ్లు కూర్చుని గడ్డ నుంచి కొమ్ములు విరుస్తున్నారు. శైలజ కూడా వాళ్లతోనే కూర్చుంది. కాలేజీకి బయలుదేరిన అఖిల, బస్సుకు ఇంకా సమయం ఉందని గోడకానుకుని పుస్తకం తెరిచింది.

"ఏందే గది? తినేటప్పుడు గదే, బస్సుల గదే! మొన్న నువ్వు చందూర్ దాంక పోతే నేనీడ సచ్చినంత పనైంది. పుస్తకాలు సదివి సదివి దిమాక్ ఖరాబ్ చేస్కుంటున్నవ్. మల్ల నా ఇంట్ల కనవడ్డదంటే పొయ్యిల వెడ్త!"

"లైబ్రరీదమ్మా. సోమవారం వాపస్ ఇయ్యాలె."

"దాంట్ల ఏముంటదో నాకెర్క లేదా? గసొంటియి సదివినోళ్లు ఎవలు బాగువడ్డరు?"

విరిచే చేతులు ఆగిపోయాయి. కూలికి వచ్చిన దేవవ్వ పక్కామెను మోచేత్తో పొడిచింది. అఖిల ముఖం కందిపోయింది. లోపలికి పోయి పుస్తకాన్ని వడ్ల సంచుల మీద పెట్టి, బస్సుకు పోయింది. ఆనాటి నుంచి ఇంట్లో అన్నం వడ్డిస్తే తినడం, పిలిస్తే పలకడం, అంతే.

పుస్తకం మాత్రం సంచుల మీదే ఉంది. శైలజకు అది పాముపిల్లలా కనిపించింది. ఓనాడు మధ్యాహ్నం కూలివాళ్లు సద్దులు విప్పుకుంటుండగా లోపలికి వచ్చి, దాన్ని తలకిందులుగా పట్టి దులిపింది. ప్రేమలేఖ రాలుతుందనుకుంటే పాత బస్సు టికెట్ రాలింది. అంటే మాయ అంతా అచ్చులోనే ఉందన్నమాట. ఏం మాయో ఒక పేజీ చూస్తే తెలిసిపోతుంది.

శైలజ ఏడో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత ఆమె చదివినవి పెళ్లి పత్రికలు, ఎరువు సంచులు, బస్సు బోర్డులు. బడిలో నేర్పినట్టు వరుస కింద చూపుడువేలు పెట్టి, అక్షరానికి అక్షరం అతికించుకుంటూ మొదలుపెట్టింది.

అందులో పిల్లవాడూ లేడు, లేచిపోవడమూ లేదు. మంజీర ఒడ్డున పడవ నడిపే ఒక ఆడమనిషి ఉంది. మొగుడు పోయాక తెడ్డు చేతబట్టింది. ఒడ్డు వదిలిన ప్రతిసారీ, ఈసారి మునుగుతావని ఆమె గుండె చెప్పేది. "సరే, ముందు ఒడ్డుకు పోనియ్, తర్వాత చెప్పు" అని గుండెకే సర్ది చెప్పి ఆమె తెడ్డు వేసేది.

శైలజ వేలు అక్కడ ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. ఈ మాట ఆ పుస్తకం రాసిన మనిషికి ఎవరు చెప్పారు? కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెను అందరూ పిరికిది అన్నారు. మొగుడు నవ్వాడు, అత్త హన్మవ్వ తిట్టింది, చివరికి బిడ్డ కూడా విసుక్కుంది. లోకంలో ఇలాంటి గుండె తనకొక్కదానికే ఉందని ఆమె ఇన్నాళ్లూ సిగ్గుపడింది. ఇప్పుడు ఆ ఏటి ఒడ్డున, తానెన్నడూ చూడని ఇంకొకామె ఉంది. భయపడుతూనే పడవ నడుపుతోంది. ఆ పడవలోకి ఎక్కిన ఒక ముసలాయన మేకను కూడా మనిషి లెక్కనే కూర్చోబెట్టాలని పట్టుబట్టే చోట శైలజకు నవ్వొచ్చింది. పైకే నవ్వింది. వెంటనే చేత్తో నోరు మూసుకుంది. ఒంటరిగా కూర్చుని, తనలో తాను నవ్వింది! దీని కోసమే కదా బిడ్డను అంతమంది ముందు కడిగిపారేసింది.

పుస్తకం యథాస్థానంలో పెట్టి, ఇంకెప్పుడూ ముట్టననుకుంది. మర్నాడు నీళ్లు తాగే నెపంతో వచ్చి ముట్టింది. ఆ మర్నాడు నెపం కూడా వెతుక్కోలేదు. ఒకనాడు సాయంత్రం అఖిల బస్సు బాగా ఆలస్యమైంది. బిడ్డ గడపలో చెప్పులు విప్పిన చప్పుడు వినేదాకా ఆ సంగతే శైలజకు తెలియలేదు. గబగబా పుస్తకాన్ని సంచుల మీదికి తోసి, 'తల్లినై ఉండి భయపడటం ఎట్లా మరిచిపోయానే' అని లోలోపల కుంచించుకుపోయింది. కానీ ఆ పూట ఒళ్లు తేలిగ్గా ఉన్న మాట నిజం.

ఆదివారం పొద్దున అఖిల కుట్టడానికిచ్చిన జాకెట్ తెచ్చుకోవడానికి పక్క వీధికి పోయింది. రేపే సోమవారం. చివరి అధ్యాయం మిగిలింది. శైలజ పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి తెరిచింది.

సంచుల మూలన మసక వెలుతురులో కనిపించలేదు. ఇప్పుడు ఎండలో కనిపిస్తోంది. పేజీ పేజీకీ, వరుస వరుస కిందా పచ్చటి దారి. వేలు ఆగిన చోటల్లా పచ్చటి చుక్క. మేక దగ్గర మరీ పెద్ద చుక్క. పచ్చి పసుపు విరిచిన చేతులు ఎంత కడిగినా వదలవని ఊళ్లో చిన్నపిల్లకూ తెలుసు. శైలజకే గుర్తు రాలేదు.

ఆ కంగారులో గుడ్డ ముక్కను సబ్బు నీళ్లలో ముంచి మొదటి పేజీ తుడిచింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఏమవుతుందో చీరలు ఉతికిన ప్రతి ఆడదానికీ ఎరుకే. పచ్చటి గీత కళ్లముందే ఎర్రబడింది. పేజీ బొట్టు పెట్టుకున్నట్టయింది. లైబ్రరీ సారు దీన్ని చూస్తాడు. అఖిల కార్డు చింపేస్తాడు. కాలేజీకి చెబుతాడు. కాలేజీవాళ్లు పేరు కొట్టేస్తారు. పోలీసులు కూడా ఒకవైపు నుంచి రావడం ఆమెకు కనిపించింది.

అప్పుడు ఎండ గుర్తొచ్చింది. పసుపంటిన చీరను ఎండలో ఆరేస్తే మరక పోతుంది. ఉడికించిన పసుపు ఆరబోసిన కల్లంలో, ఓ చివరన పుస్తకం తెరిచి పెట్టి, పేజీలు ఎగరకుండా రెండు వైపులా పసుపు గడ్డలు బరువు పెట్టింది. ఒక పేజీ పాలిపోగానే ఇంకోటి తిప్పాలి. తిప్పే వరకు ఏం చేస్తుంది? ఎదురుగా అక్షరాలున్నాయి. చివరి అధ్యాయం పేజీ మీదికి వంగింది. అలవాటుగా వేలు పోయింది.

"ఏంది శైలక్కా, పుస్తకం ఎండవోసినవ్? ఉడకవెట్టినవా ఏంది ముందుగాల?"

దేవవ్వ! పసుపు తిరగేయడానికి వచ్చిన ఆడవాళ్లంతా ఆమె వెనకే ఉన్నారు.

"గదేం లేదు... తడిసింది."

"తడిస్తే ఎండుతది గని, వేలు వెట్టి చెప్తె జల్ది ఎండుతదా?"

అందరూ గొల్లుమన్నారు. నవ్వు విని హన్మవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. జాకెట్ సంచితో అఖిల కూడా అప్పుడే వచ్చింది. పుస్తకాన్ని చూసి ఉరికి వచ్చి ఎత్తుకుంది. ఎర్ర మరకా, పచ్చ గీతలూ చూసి, ఆ పేజీని తల్లి ముందుకు చాపింది.

"ఎవలు చేసిండ్రమ్మా గిట్ల? రేపు నేను సార్‌కు ఏం చెప్పాలె?"

శైలజ నోటికి ముందు అబద్ధమే వచ్చింది. "మీ నాయినమ్మ... ఏందో అని పట్టుకున్నది."

హన్మవ్వ కర్ర నేలకు తాటించింది. "నేనా? నాకు అ ఆలే రావు గదనే!"

అఖిల పేజీలు తిప్పుతోంది. తిప్పేకొద్దీ చేతులు నెమ్మదించాయి. "అమ్మా, గివి పట్టుకుంటే అయిన మరకలు గావు. లైన్ కింద వేలు వెట్టి సదివిన మరకలు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని శైలజకు అనిపించింది. చేతులు కొంగులో దాచుకుంది. దాచినా లాభమేమిటి, కొంగు కూడా పచ్చగానే ఉంది.

"గీల్ల ముంగటనే గద పిల్లను తిట్టినవ్," హన్మవ్వ అంది, ఎప్పటిలా అరవకుండా. "గీల్ల ముంగటనే చెప్పు మరి."

"నేనే సదివిన," శైలజ నేలకేసి చెప్పింది.

దేవవ్వే తెగించి అడిగింది. "అయితే ఏమున్నదక్కా దాంట్ల, గంత మంచిగ?"

శైలజ కొంగు సర్దుకుని పసుపు తిరగేయడానికి వంగింది. ఆ పూట ఆమెకు చెప్పేంత ధైర్యం లేదు.

మర్నాడు చింతపండుతో, సబ్బుతో, ఇటుక ముక్కతో చేతులు రుద్దుకుని, అఖిలతో పాటు బోధన్ బస్సెక్కింది. రావొద్దని అఖిల అనలేదు, రమ్మనీ అనలేదు. లైబ్రరీలో భానుప్రసాద్ సారు కళ్లద్దాలు సవరించుకుని పుస్తకం అటూ ఇటూ తిప్పాడు.

"ఏందమ్మా అఖిలా, ఇదేం పని? దీన్ని మళ్ల రాక్‌ల ఎట్ల పెడ్త? ఇంకో కాపీ తెచ్చిచ్చే దాంక నీ కార్డు బంద్ చెయ్యాల్సి వస్తది."

అఖిల తల వంచుకుంది. మా అమ్మ చేసిందని అనలేదు. ఆ మౌనమే శైలజను ముందుకు తోసింది.

"సారూ, తప్పు పోరిది గాదు. నాది. పసుపు చేతులతోటి నేను సదివిన. బందువెట్టేది ఉంటే నా కార్డు బందువెట్టుండ్రి."

"మీకు కార్డు ఉన్నదా అమ్మా?"

"లేదు."

"మరి లేని కార్డును నేనెట్ల బంద్ వెట్టాలె?"

శైలజ చెవులు వేడెక్కాయి. పేపర్లు చదివేవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. అయినా బల్ల అంచు వదల్లేదు. "అయితే ఒకటి ఇయ్యుండ్రి సారూ. ఇచ్చి బందువెట్టుండ్రి."

భానుప్రసాద్ ఆమెను, ఆమె చేతులను, మళ్లీ ఆమెను చూశాడు. నవ్వు ఆపుకోవడానికి మీసం తడుముకున్నాడు. తర్వాత నిజంగానే ఒక కొత్త కార్డు తీసి ఆమె పేరు రాశాడు. ఆ పుస్తకం ఆమె పేరు మీదికి ఎక్కించి, ఆమె చేతికే ఇచ్చి, కొత్తది తెచ్చే వరకు ఇంకోటి ఇవ్వనని గట్టిగా చెప్పాడు. పసుపు అమ్మడానికి నిజామాబాద్ పోయినప్పుడు తెస్తామని ఆమె ఒప్పుకుంది. కార్డు మీద సంతకం పెట్టి చూసుకుంటే, అంత రుద్దినా, మూలన లేత పచ్చటి వేలిముద్ర పడి ఉంది. దాన్ని బొటనవేలితో కప్పేసింది.

తిరుగు బస్సులో తల్లీబిడ్డలు పక్కపక్కన కూర్చున్నారు. శైలజ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, చాలాసేపు కిటికీలోంచి చూసింది. చుట్టూ తెలిసిన మొహాలే. చివరికి కొంగు తీసి, ఆగిన చోట తెరిచింది.

"నలుగుర్ల నిన్ను గట్ల అనకుండ ఉండాల్సింది బిడ్డా," అంది పేజీలోకి చూస్తూ.

అఖిల, పేజీ మీద ఎండ పడకుండా కిటికీ వైపు చున్నీ అడ్డం పట్టింది.

"ఆఖర్న ఆమె ఏమైతదో చెప్పాల్నా అమ్మా?"

పడవ ఏటి నడుమ ఉంది. గాలి ఎత్తుకుంది. శైలజ గుండె కొట్టుకుంటోంది. ఆ పడవ మునిగే తీరుతుందని ఆమెకు గట్టి నమ్మకం. వేలు వరుస కింద పెట్టింది.

"చెప్పకు," అంది. "ముందు ఒడ్డుకు పోనియ్."