ప్రమోద ఉయ్యాల వల

పొద్దున్నే టీ అయినా తాగకుండా ముందు వల చూసుకోవడం బంగారురాజుకి అలవాటు. అది ఆయన తల్లి గవరమ్మ అల్లిన నూలు వల. కూతురు ప్రమోద పుట్టినప్పుడు దాన్నే మడిచి ఉయ్యాల కట్టారు. అప్పట్నుంచీ వలకి చిరుగు పడితే పిల్లకి దెబ్బ తగిలేది, కుట్టేస్తే మానేది. పిల్ల ఎదిగి హాకీలో పేరుమోసిన ఫార్వర్డ్ అయినా ఆ వరస మారలేదు. చీలమండ మూడుసార్లు, మోకాలు రెండుసార్లు, భుజం ఒకసారి. డాక్టరుగారు కూడా స్కాన్ చూసి, మందులు రాసి, వల కుట్టావా అని అడిగి మరీ పంపేవారు.

ఇప్పుడు సముద్రం అవతల మెయిన్‌ల్యాండ్‌లో ఇండియా టీం సెలెక్షన్. పిల్లకి ఇరవయ్యారేళ్లు నిండాయి. "లాస్ట్ చాన్స్ హై అంకుల్" అని కోచ్ తేల్చి చెప్పేశాక బంగారురాజుకి తిండి సయించలేదు. సముద్రంలో రాళ్లున్నాయి, పగడాలున్నాయి, వల వేస్తే చిరగక ఏమవుతుంది? అందుకని దాన్ని నీళ్లకే దూరం చేశాడు మహానుభావుడు. ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డున బేంబూఫ్లాట్‌లో చెల్లెలు పద్మిని కూరతోటకి పట్టుకెళ్లి, జింకలు రాకుండా అక్కడ అందరూ పాత వలలు కట్టుకున్నట్టే దాన్ని కంచెగా కట్టాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గండమంటే నీళ్లలోంచే వస్తుందని నమ్మినవాడు మరి. నేలమీద వలకేం భయమని ఆయన ధీమా.

ఆదివారం మూడింటికి ఆట. ఆ వేళకి వల పక్కనుంటే కాస్త నిబ్బరంగా ఉంటుందని తోటకే వెళ్లి కూర్చున్నాడు. అరగంటైనా కాలేదు, బెండమొక్కల వైపు కంచె కర్రలు విరిగిన చప్పుడైంది. చూస్తే కొమ్ముల దుప్పి ఒకటి వలలో చిక్కుకుని గింజుకుంటోంది.

పద్మిని మొగుడు జోగులు కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"రెండు పోగులు కోసేస్తే పోద్ది బావా."

"నా కూతురి కాలు కోస్తావేట్రా?"

జోగులు కత్తి దించేశాడు. అలాగని ఊరుకుంటే దుప్పే చింపేసేలా ఉంది. బంగారురాజు ఇంక ఆలోచించలేదు. వలమీద పడిపోయి దుప్పి మెడ కావిలించుకున్నాడు. పద్మిని కొమ్ములకి చుట్టుకున్న నూలు పోగుపోగూ విప్పసాగింది. దుప్పి ఒక్క తన్ను తన్నింది. ఆయన డొక్కలో ఏదో పటుక్కుమంది. పోతే నా ప్రాణం పోనీ, వల మాత్రం తెగకూడదు స్వామీ అని మొక్కుకున్నాడు గానీ పట్టు వదల్లేదు. ఆఖరి పోగు ఊడగానే దుప్పి కంచె దూకి అడవిలో పడింది.

ఆయన మట్టిలోనే కూలబడి, పద్మిని చేత వలంతా వెతికించాడు. ఒక్క కన్నూ తెగలేదంది. అయినా భయం తీరక రెండోసారి వెతికించాడు.

సాయంత్రం ఫోన్ మోగింది.

"నాన్నా, నా పేరు చదివారు." ప్రమోద ఏడుస్తోంది. "వల బాగానే ఉందా?"

"బాగుందమ్మా. ఏం, దెబ్బేమైనా తగిలిందా?"

"ఒకమ్మాయి కర్ర తిన్నగా నా డొక్కలో దిగింది నాన్నా. ఎముక విరిగిన చప్పుడు చెవులారా విన్నాను. అంపైర్ కూడా విన్నాది. లేచి చూసుకుంటే ఏమీ లేదు. ఆట ఆఖరిదాకా ఆడాను."

బంగారురాజు ఊపిరి గట్టిగా పీల్చకుండా డొక్క పట్టుకుని, "అలా అనిపించుంటుందిలే తల్లీ. వెళ్లి కడుపునిండా తిను" అన్నాడు.