నాలుగోసారి అడిగిన వన్స్‌మోర్

నేను ఒక కుర్చీని. రేపల్లె వేణుగోపాలా టాకీసులో ఎఫ్ వరస, పన్నెండో నంబరు. నా వీపు మీద తెల్లరంగుతో వేసిన ఆ నంబరు ఇప్పటికీ సగం కనిపిస్తుంది. మీరు మనుషుల ముఖాలు చూసి వాళ్ళ సంగతి చెప్పేస్తామంటారు. నాకు ముఖాలతో పని లేదు. మనిషి నామీద కూర్చున్న తీరు చాలు. ఆట నచ్చిందో లేదో, ఇంటి దగ్గర పోట్లాడి వచ్చాడో, పక్క కుర్చీలో వాళ్ళ కోసమే వచ్చాడో చెప్పగలను. ఇన్నేళ్ళలో నన్ను అడిగిన నాథుడు లేడు కాబట్టి నేనే చెబుతున్నాను.

రేపల్లెలో రైలు దిగితే పట్టాలు అక్కడితో అయిపోతాయి. ఆ ఊరి నాటకాల పిచ్చి మాత్రం అంత తేలిగ్గా అయిపోయేది కాదు. ఊరి పెద్దలు నాటకాల కోసమే ఒక హాలు కట్టించి, వీరబ్రహ్మం అనే వడ్రంగి చేత టేకు కుర్చీలు చేయించారు. మనిషి లేవగానే పలక దానంతట అదే పైకి మడుచుకునేలా చేశాడాయన. ఎందుకలాగని అడిగితే, జనం లేచి నిలబడి పాటగాణ్ణి మెచ్చుకునేటప్పుడు కుర్చీ అడ్డం రాకూడదన్నాడట. అలా మెచ్చుకోవడానికే పుట్టాను నేను. ఆ తర్వాత నామీద కూర్చుని ఆవలించినవాళ్ళే ఎక్కువనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో నా మీద హక్కున్న మనిషి కొక్కిలిగడ్డ నాంచారయ్య. చేపల మార్కెట్లో వేలం పాడేవాడు. ఒకటోసారి, రెండోసారి అని ఆయన అరిస్తే రైలుస్టేషను దాకా వినిపించేది. మూడోసారి అన్నాక ఇక బేరం లేదు, ఎవరెంత బతిమాలినా గంప దింపేవాడు కాదు. అంత కచ్చితమైన మనిషి. నాటకం ఉన్న రోజున మాత్రం మధ్యాహ్నమే మార్కెట్టు వదిలేసి, సబ్బు అరిగిపోయేలా స్నానం చేసి, తెల్ల జుబ్బాకి అత్తరు పూసుకుని వచ్చేవాడు. అయినా చేపల వాసన పోయేది కాదు. నాకైతే అలవాటైపోయింది.

నాటకంలో పద్యం బాగుంటే జనం "వన్స్‌మోర్" అనడం మీకు తెలిసిందే. అంటే పాడినవాళ్ళు మొదటినుంచీ మళ్ళీ పాడాలి. పాత్ర చచ్చిపోయి పడి ఉన్నా లేచి, పద్యం పాడి, మళ్ళీ పడుకునేది. దాన్ని తప్పుపట్టినవాణ్ణి నేనెరగను. మా హాల్లో మొదటి వన్స్‌మోర్ ఎప్పుడూ నాంచారయ్యదే. ఆయన లేస్తే వెనక నా పలక ఠపీమని మడుచుకునేది. ఆ చప్పుడు వినగానే మిగతా హాలంతా గొంతు సవరించుకునేది.

ఆయనకు ప్రాణమైన నాటకం "రేవురాణి". ఓడెక్కి పోయిన జయంతుడి కోసం కువలయ అనే పిల్ల రేవులో దీపం పెట్టుకుని ఎదురు చూస్తుంది. కువలయ వేషం హైమవతిది. చివరిలో తెర పడే ముందు ఆమె ఒక్కతే నిలబడి, "దీపమున్నంత దాక నీ తెరువు కలదు" అని పద్యం ముగించి రాగం తీస్తే, నా మేకులు కూడా కదిలేవి. నాంచారయ్య ఆమెతో ఒక్కనాడూ మాట్లాడింది లేదు. ఆయన జీవితంలో ఆమెతో అన్న మాట ఆ వన్స్‌మోర్ ఒక్కటే. ఆమె ఇచ్చిన జవాబు ఆ పద్యమే.

ఒకనాటి సాయంత్రం ఆటలో అదే పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ పడింది. మూడుసార్లూ పాడింది. మూడోసారి పాడాక గుమ్మటం దీపం కింద ఆమె ముఖం చెమటతో మెరిసిపోతోంది. వేలంలో మూడోసారి తర్వాత నోరు మూసుకునే మనిషి ఆ రోజు మూసుకోలేదు. లేచాడు. నా పలక ఠపీమంది. నాలుగోసారి అడిగాడు. ఆమె పాడింది. చివరి రాగంలో పైకి వెళ్ళబోయి గొంతు జీరపోయి అక్కడే తెగింది. తెర దించమని చెయ్యి ఊపింది. ఆమెకు మూడు రోజులుగా జ్వరమని మర్నాడు ఊళ్ళో అనుకున్నారు. కంపెనీ పొద్దున్న రైలుకే వెళ్ళిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు హైమవతి రంగస్థలం ఎక్కలేదని విన్నాం.

నాంచారయ్య అప్పటినుంచి ఏ నాటకంలోనూ వన్స్‌మోర్ అనలేదు. వచ్చేవాడు, కూర్చునేవాడు. అంచు మీద కూర్చునేవాడు. ఆ రోజు తర్వాత ఆయన వీపు నా వీపుకు ఆనలేదు. ఈ సంగతి ఆయన భార్య వెంకటరత్నమ్మకి తెలుసో లేదో గాని, నాకు తెలుసు.

నాటకాలు తగ్గాయి. హాలు టాకీసైంది. మస్తాన్ అనే ఆపరేటరు వచ్చాడు. కుర్రతనంలో జనం అడిగితే పాట రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేసేవాడు. రీళ్ళు పోయి కంప్యూటరు పెట్టెల్లో బొమ్మలొచ్చాక ఆ సరదా కూడా పోయింది. హాల్లో కుర్చీలన్నీ మారినా, యజమాని చెయ్యి కాస్త బిగువు కావడం వల్ల మా ఎఫ్ వరస మిగిలింది.

నలభై ఏళ్ళకి "రేవురాణి" రెండో భాగం రాశారని పేపర్లో వచ్చింది. హైదరాబాదులో రంగస్థలం మీద ఆడుతుంటే ఆరు కెమెరాలతో తీశారట. దాన్ని సినిమా హాళ్ళలో మూడు రోజులు, రోజూ ఉదయం ఆట వేస్తారట. ముసలి కువలయగా హైమవతే. బయట అంటించిన పోస్టరు ముందు నాంచారయ్య ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలీదు గాని, మొదటి రోజు గేటు తీయకముందే వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. జుబ్బా తెల్లగా ఉంది. అత్తరు కూడా అదే. పక్కన పదమూడులో వెంకటరత్నమ్మ.

ఊళ్ళో నాటకాల పిచ్చి వాళ్ళంతా దిగారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు పూలదండ తెచ్చాడు. బొమ్మ మొదలవగానే, చిత్రీకరణ జరుగుతోంది కాబట్టి దయచేసి ఎవరూ మధ్యలో అరవవద్దని అక్కడి హాల్లో ప్రేక్షకులకు చేసిన విన్నపం వినిపించింది. మా వాళ్ళు అది తమకు కాదనుకున్నారు. మొదటి పద్యం అవగానే మాస్టారు వన్స్‌మోర్ అన్నాడు. తెర మీద రాజుగారు వినిపించుకోకుండా తర్వాతి మాట మాట్లాడేశాడు. రెండో పద్యానికి పదిమంది కలిసి అడిగారు. రాజుగారు లోపలికే వెళ్ళిపోయాడు. వెనకనున్న కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు. తెర మీద మనిషికి చెవులుండవని ఒప్పుకోవడానికి మా వాళ్ళకు రెండు పద్యాలు పట్టింది. మాస్టారు దండ ఎవరికివ్వాలో తెలీక తెర కింద అరుగు మీద పెట్టి వచ్చాడు.

ఇంటర్వెల్లో పెద్ద గొడవే జరిగింది. జయంతుడు తిరిగి రాలేదు. అతని కొడుకొచ్చాడు, వేరే దేశంలో పుట్టినవాడు. నలభై ఏళ్ళు ఆగితే ఇదా ఇచ్చేదని కొందరు తిట్టారు. అదే నిజమని కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నాంచారయ్య చివరి పద్యం కోసం కూర్చున్నాడు.

అదొచ్చింది. తెల్లజుట్టుతో హైమవతి ఒక్కతే రేవులో నిలబడి, అదే పద్యం ఎత్తుకుంది. చివరి రాగంలో, నలభై ఏళ్ళ కింద తెగిన చోట, గొంతులో జీర అలాగే ఉంది. దాన్ని దాచకుండా, దాని మీదుగానే నడిచి పైకి వెళ్ళింది. నా చేతుల్ని నాంచారయ్య ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే చెక్క కిర్రుమంది. పద్యం అయిపోయింది. ఆమె కదల్లేదు. తల కొంచెం పైకెత్తి, ఎదురుగా చీకటిలోకి చూస్తూ నిలబడింది. గోడ ఫ్యాను ఏడుసార్లు కీచుమనేంతసేపు నిలబడింది. అరవొద్దన్నారు కదా, ఆ హైదరాబాదు హాల్లో ఎవరూ ఏమీ అనలేదు. నవ్వులపాలయ్యాక మా హాల్లోనూ ఎవరూ అనలేదు. ఆమె తల దించుకుంది. పేర్లు పడ్డాయి.

రెండో రోజూ వచ్చారు. ముందు వరసలో ఒకాయన పేపరు చదివి వినిపిస్తున్నాడు. చివరి పద్యం తర్వాత హైమవతిగారి మౌనాభినయం అపూర్వమని రాశారట. నాంచారయ్య గొంతులోనే గుర్రుమన్నాడు.

"అభినయం కాదు," అన్నాడు భార్యతో.

"మరేంటంట?"

"ఎదురు చూస్తా ఉంది."

ఆ రోజూ పద్యం అయింది, ఆమె నిలబడింది, ఫ్యాను ఏడుసార్లు కీచుమంది. ఆయన సగం లేచాడు. నా పలక సగం పైకొచ్చింది. మళ్ళీ కూలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. నోరుంటే నేనే అడిగేదాన్ని.

మూడో రోజు ఆఖరి ఆట. హాలు మొదటి రోజుకంటే నిండింది. నవ్విన కాలేజీ పిల్లలే ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. నాంచారయ్య ఆట మొత్తం నా అంచు మీద, పడిపోతాడేమో అన్నట్టు కూర్చున్నాడు. హైమవతి పద్యం ముగించింది. తల ఎత్తి నిలబడింది. ఫ్యాను ఒకసారి కీచుమంది. రెండుసార్లు. మూడు. అప్పుడు వెంకటరత్నమ్మ వంగి ఆయన చెవిలో చెప్పింది.

"మావా, ఆ మనిషి మూడ్రోజుల్నించీ నిలబడే ఉంది. అడుగు."

ఆయన లేచాడు. నా పలక ఠపీమంది, నలభై ఏళ్ళ తర్వాత. స్టేషను దాకా వినిపించే గొంతు ఆ రోజు నాలుగు వరసలు కూడా దాటలేదు. సన్నగా, వణుకుతూ, "వన్స్‌మోర్" అన్నాడు. డ్రాయింగు మాస్టారు అందుకున్నాడు. తర్వాత ఎవరు అన్నారో చెప్పలేను, హాలంతా అంది. కాలేజీ పిల్లలు అందరికంటే గట్టిగా అన్నారు.

తెర మీద హైమవతి రోజూలాగే తల దించుకుంది. పేర్లు పడ్డాయి. జనం నీరుగారిపోయారు. నాంచారయ్య నిలబడే ఉన్నాడు. ఉన్నట్టుండి తెర నల్లగా అయిపోయింది. కరెంటు పోయిందనుకున్నారు. పైన ఆపరేటరు గదిలో లైటు వెలుగుతోంది, మస్తాన్ నీడ అటూ ఇటూ కదులుతోంది. ఒక నిమిషానికి తెర మీద రేవు మళ్ళీ వచ్చింది. దీపం వచ్చింది. హైమవతి పద్యాన్ని మొదటినుంచీ ఎత్తుకుంది.

ఆ గోల ఏం చెప్పమంటారు! మస్తాన్ ఆట వేళ తప్పించాడని యజమాని తర్వాత చీవాట్లు పెట్టాడని విన్నాను. అప్పుడు మాత్రం ఆయన కూడా తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఆమె "దీపమున్నంత దాక నీ తెరువు కలదు" అని, జీర మీదుగా నడిచి, రాగం చివరి దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ తల ఎత్తి చూస్తూ నిలబడింది. హాలంతా ఊపిరి పీల్చుకుని నోళ్ళు తెరిచింది. నాంచారయ్య వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. ఈసారి ఆ గొంతు పాత గొంతే, మార్కెట్టు గొంతు.

"చాల్లెండి. ఆవిడ అలిసిపోద్ది."

ఒక్కళ్ళూ నవ్వలేదు. తెర మీది బొమ్మకు అలుపేమిటని అడిగినవాడు లేడు. అందరూ నోరు మూసుకున్నారు. ఫ్యాను ఏడుసార్లు కీచుమంది. హైమవతి తల దించుకుంది.

నాంచారయ్య నా పలక దించుకుని కూర్చున్నాడు. మెల్లగా వెనక్కి జరిగాడు. ఆయన వీపు నా వీపుకు ఆనింది. ఆయన ఏడుస్తున్నాడని నాకు అలా తెలిసింది. వెంకటరత్నమ్మ పక్కనే ఉంది. హాలు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ లేవలేదు.

రెండు నెలల తర్వాత మెత్తటి సీట్లు వచ్చాయి. మా వరసను పీకి వెనక షెడ్డులో పడేశారు. ఇప్పుడు నా మీద పాత పోస్టర్లు, పగిలిన ట్యూబులైట్లు ఉన్నాయి. గోడ అవతలనుంచి రోజూ కొత్త సినిమాల మోత వినిపిస్తూనే ఉంటుంది. నాకు మాత్రం ఆ పద్యం ఇంకొక్కసారి వినాలని ఉంటుంది. అయినా నాంచారయ్య చాల్లెండన్నాడు కదా, అడగకుండా ఊరుకుంటున్నాను.