అక్కనని చెప్పాను

నా కూతురికి కాలేజీలో సీటు రాకపోతే ఎలా అన్నది కాదు నా భయం. రాకపోవడానికి కారణం నేనే అవుతానేమోనన్నదే అన్నిటికన్నా పెద్ద భయం. నవంబరులో ఒక శనివారం నుంచి అది నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది.

ఈట్సెల్‌కి పదిహేడేళ్ళు, హైస్కూలు ఆఖరి సంవత్సరం. నాకు ముప్పైమూడు. ఆ లెక్క కట్టడానికి మా వీధిలో ఎవరికీ వేళ్ళు కూడా అక్కర్లేదు. పదో తరగతి మధ్యలో పుస్తకాలు స్కూల్లోనే వదిలేసి వచ్చాను. అది పుట్టాక తోర్తీయా రొట్టెల దుకాణంలో పనికి కుదిరాను. మెక్సికో సరిహద్దుకి ఇవతల, టెక్సాస్ కొసన ఉన్న మా ఊళ్ళో ఇలాంటి తల్లులం చాలామందిమే ఉన్నాం. అయినా ఎవరి సిగ్గు వాళ్ళదే.

ఉత్తరాన మంచు కురిసే ఊళ్ళో ఉన్న ఒక పెద్ద యూనివర్సిటీకి ఈట్సెల్ దరఖాస్తు పెట్టింది. అక్కడ చదివి మా వైపు లాయరుగా స్థిరపడిన హాలోవే అనే ఒకావిడ దీన్ని కాఫీ షాపులో కలిసి మాట్లాడుతుందని, తన అభిప్రాయం వాళ్ళకి రాసి పంపుతుందని కబురొచ్చింది. దుకాణంలో నా పక్కన పిండి ముద్దలు చేసే తెంచాకి ఈ సంగతి చెప్పాను.

"ఒట్టి చేతులతో వెళ్తావేమిటే?" అంది. "పిల్ల గురించి నాలుగు మంచి ముక్కలు రాసే మనిషి. తమాలేలు చేసి పట్టుకెళ్ళు."

"అక్కడ అలాంటివి కుదురుతాయా?"

"లాయరంటున్నావుగా. లాయర్లకి మాత్రం ఆకలెయ్యదా?"

నాకూ సబబుగానే తోచింది. మంచి చేసే మనిషిని ఒట్టి చేతులతో పంపడం మా అమ్మ నేర్పలేదు. శుక్రవారం సాయంత్రం మొక్కజొన్న పిండిలో పంది మాంసం పెట్టి, పొత్తుల పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించాను.

కాఫీ షాపు ముందు కారు ఆపగానే ఈట్సెల్ అంది, "నువ్వు కారులోనే ఉండమ్మా."

"ఈ ఎండలోనా?"

"సరే, లోపలికి రా. కానీ దూరంగా కూర్చో. మా వైపు చూడకు. పెదాలు కదపకు."

"పెదాలెందుకు కదుపుతానే?"

"ప్రార్థన చేస్తావు. నాకు తెలీదా?"

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. అరగంట పైనే మాట్లాడుకున్నారు. మధ్యలో ఆవిడ నవ్వడం వినిపించింది. నా కూతురు ఒక పెద్ద మనిషిని నవ్వించగలదని అప్పుడే తెలిసింది. ఇద్దరూ లేచాక నేను సంచీ పట్టుకుని వెళ్ళాను.

"ఇవి మీకండీ. ఇంట్లో చేసినవే."

హాలోవే గారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "మేమేమీ తీసుకోకూడదండీ. నియమం."

"తినే వస్తువేగా. దీనికీ నియమమేనా?"

ఆవిడ నవ్వి, నన్నూ ఈట్సెల్‌నీ మార్చి మార్చి చూసింది. "మీరు ఈ అమ్మాయి అక్కగారా?"

తల్లినంటే ఆవిడ కళ్ళు లెక్క కడతాయి. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆస్పత్రిలో చూశాను, స్కూలు ఆఫీసులో చూశాను. ఆ పూట నా కూతురి ముందు మాత్రం చూడదలుచుకోలేదు.

"అవునండీ, అక్కని."

"మీరేం చదువుకున్నారు?"

"నర్సింగు. శాన్ ఆంటోనియోలో."

ఆ మాట ఎక్కడినుంచి ఊడిపడిందో నాకే తెలీదు. ఆవిడ మొహం మీద నవ్వు అలాగే ఉంది కానీ, చూపు ఈట్సెల్ వైపు తిరిగింది.

"మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళబోయే మొదటి మనిషివి నువ్వేనన్నావు కదూ?"

ఈట్సెల్ నన్ను చూసింది. నోరు విప్పాల్సింది అప్పుడే. నేను సంచీ ముడి సర్దుతూ నిలబడ్డాను. హాలోవే గారు దానికి చెయ్యి కలిపి, తన కార్డు ఇచ్చి వెళ్ళిపోయింది.

కారు మెయిన్ రోడ్డెక్కింది.

"నర్సింగా?" అంది ఈట్సెల్.

"ఏదో నోటికొచ్చింది."

"ఇంతసేపూ నీ గురించే చెప్పానమ్మా. చదువు మధ్యలో ఆపేశావని, పని నుంచి వచ్చి నా లెక్కల పుస్తకం ముందేసుకుని నాతోపాటు నేర్చుకున్నావని. ఆవిడకి అదే నచ్చింది. ఇప్పుడదంతా కట్టుకథ అనుకుంటుంది."

"నీ పరువు పోకూడదని కదే."

"నా పరువా, నీదా?"

నాదే. ఆ ఒక్క మాట పైకి అనలేకపోయాను. నేను దాచుకుంటూ వచ్చినదాన్ని నా కూతురు తలెత్తి చెప్పుకుంది. నేను దాన్ని అబద్ధాలకోరుని చేశాను.

సోమవారం పని మధ్యలో, ఫ్రిజ్ మీద నుంచి తీసి తెచ్చుకున్న ఆ కార్డు చూసి ఫోన్ చేశాను. తెంచా మిషను ఆపి పక్కనే నిలబడింది.

"ఈట్సెల్ వాళ్ళమ్మనండీ. అక్కని కాదు. నర్సింగు లేదు, పదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు. అది చెప్పిందంతా నిజం. అబద్ధం నాదండీ."

"తెలుసండీ," అంది హాలోవే గారు. "మీ అమ్మాయి శనివారమే ఫోన్ చేసింది."

"ఏమంది?"

"తప్పు తనదేనంది. మిమ్మల్ని దూరంగా కూర్చోమన్నది తనేనట. 'అమ్మని ముందు దాచింది నేనే, అమ్మ దాన్ని కొనసాగించింది అంతే' అంది. ఉన్నదున్నట్టు రాసెయ్యమంది."

"అలా రాయకండి. చిన్నపిల్ల, తెలీక అంది."

"చిన్నపిల్లలా మాట్లాడలేదండీ. నేను చూసిందీ విన్నదీ రాయాలి. ఏం రాశానో మాత్రం మీకు చెప్పకూడదు."

ఫోన్ పెట్టేశాక తెంచా అడిగింది, "ఏమందే?"

"రాసేసిందట."

"మంచా చెడా?"

"చెప్పలేదు."

తెంచా మళ్ళీ మిషను వేసింది.

జవాబు డిసెంబరు మధ్యలో వస్తుంది. ఈలోగా మిగతా కాలేజీల దరఖాస్తులన్నీ ఈట్సెల్ ఊరి లైబ్రరీలో కూర్చుని రాసుకుంటోంది. ఇంట్లో మాట్లాడుతుంది, అడిగినదానికి. అది హాలోవే గారికి ఫోన్ చేసిన సంగతి నాకు తెలిసిపోయిందని ఇంకా చెప్పలేదు. చెబితే క్షమాపణ అడగాలి. అడిగితే, పరవాలేదమ్మా అంటుంది. ఆ మాట వినడానికే నాకు మొహం చెల్లడం లేదు.

మొన్న దుకాణం నుంచి తొందరగా బయటపడి లైబ్రరీ దాకా వెళ్ళాను. కిటికీ అద్దంలోంచి కనిపించింది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రాస్తోంది. తలుపు దగ్గర కూర్చున్నావిడ తలెత్తి, "ఎవరి కోసమండీ? మీరేమవుతారు?" అంది. పొరపాటున వచ్చానని చెప్పి తిరిగొచ్చేశాను.

మీలో ఎవరైనా సాయంత్రాలు ఆ లైబ్రరీకి వెళ్తుంటే, కిటికీ పక్క టేబుల్ దగ్గర జడ ముందుకి వేసుకుని ఒక పిల్ల కూర్చుని ఉంటుంది. అది ఏమైనా తిన్నదో లేదో, ఒంటరిగా ఏడవడం లేదు కదా, కాస్త చూసి చెప్పండి.