మూడో పలక మీద మచ్చ

కళ్లద్దాలు చొక్కా కొసతో తుడుచుకుని ఆయన తెర ముందు కూర్చునేసరికి నిన్న మొదలుపెట్టిన లెక్క ఇంకా నడుస్తోంది. బట్టతల, వంగిన భుజాలు, చూపుడువేలికి ఇంకు మరక. ఏనాడూ పాఠం చెప్పకపోయినా ఆఫీసులో అందరికీ లెక్కల మాస్టారే. పక్క భవనంలో ఉక్కు గది ఉంది. అందులోని వాయువును సూర్యుడి కడుపంత వేడికి కాచడానికి యాంటెన్నాతో రేడియో తరంగాలు పంపుతారు. గోడ దగ్గర, వాయువు పలచబడే అంచులో, ఆ తరంగాలు ఏం చేస్తాయో ముందుగా లెక్కకట్టి చెప్పడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా అదే పని.

తొమ్మిదేళ్ల క్రితం ఆ గది లోపలి గోడకు బిగించిన పలకల్లో మూడోదాని మీద నల్లటి మచ్చ కనిపించింది. యాంటెన్నాకు బారెడుకు పైగా దూరం. అక్కడికి వేడి చేరదని మాస్టారి లెక్క చెప్పింది. ఆ లెక్కలో అంచును ఖాళీ జాగా కింద వదిలేశాడు మరి. అప్పట్లో అందరూ అలాగే వదిలేసేవారు. లోపలికి దూరి పలకలు బిగించేది ఒక్క ఫిట్టరే కాబట్టి, అతను ఉత్త చేత్తో ముట్టుకున్నాడనీ, ఆ జిడ్డే కాలిందనీ రిపోర్టు రాశారు. కింద సంతకం మాస్టారిది.

"సార్, నేను ముట్టుకోలేదండీ. మీరోసారి లోపలికొచ్చి చూడండి," అన్నాడు ఫిట్టర్, తలుపు దగ్గర నిలబడి.

"లెక్క అబద్ధం చెప్పదయ్యా," అన్నాడు ఈయన, తలెత్తకుండానే.

ఫిట్టర్‌ని స్టోరుకు మార్చారు. కిటికీ వెనక కూర్చుని నట్లూ బోల్టులూ అందించే పని. అయినా మాస్టారు ఎదురుపడితే నమస్కారం పెట్టడం మానలేదు. అదే ఈయన్ని తినేసింది. మెట్లెక్కుతుంటే, కుళాయి కింద చేతులు కడుక్కుంటుంటే, అన్నం కలుపుతుంటే, "ముట్టుకోలేదండీ" అని వెనకనుంచి వినిపించేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అనేది భార్య.

"ఎవరితోనూ కాదే."

అంచులో ఖాళీకి బదులు పలచటి వాయువును పెట్టి లెక్కంతా మళ్లీ రాయడానికి నాలుగేళ్లు పట్టింది. ఎవరూ అడగని పని. ఇవాళ పదకొండింటికి ఆ కొత్త లెక్క పూర్తయి తెర మీద రంగులు తేలాయి. తరంగాల వల్ల అంచులో వోల్టేజీ పేరుకుంటోంది. వాయువును పట్టి ఉంచే అయస్కాంత రేఖ వెంట అది దూరంగా పాకి, అక్కడి గోడ మీదికి రేణువుల్ని విసిరికొడుతోంది. కొట్టిన చోట ఎర్రటి చుక్క. మూడో పలక, ఎడమ మూల.

ఆ బొమ్మ కాగితం మీద అచ్చు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు. ఫిట్టర్ రిటైరై ఏడాదిన్నర. ఇల్లు కనుక్కోవడానికి నలుగుర్ని అడగాల్సివచ్చింది.

కూతురు తలుపు తీసింది.

"నాన్నగారున్నారామ్మా?"

"లేరండీ. పోయిన నెల పదో తారీఖున పోయారు. నిద్రలోనే." చెప్పీచెప్పీ అలవాటైపోయిన గొంతు. "మీరెవరు?"

"మచ్చ గురించి రాసిన ఆ రిపోర్టు మీద సంతకం పెట్టినవాణ్ణి."

ఆమె లోపలికి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. ఆయన కాగితం అందించాడు.

"మీ నాన్న ముట్టుకోలేదమ్మా. తప్పు నాది. రేపు ఆఫీసులోనూ ఇదే రాసిస్తాను."

ఆమె కాగితం తీసుకుని ఎర్ర చుక్క వంక చూసింది.

"నెల ముందు తెచ్చుంటే బాగుండేదండీ," అంది.

ఆమె లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చేతిలో పెట్టింది.

"దీన్ని పారెయ్యనివ్వలేదు మమ్మల్ని. ఎవరైనా అడిగితే చూపిస్తాననేవారు. ఎవరూ అడగలేదు."

తలుపు మూసుకుంది. బస్‌స్టాపు బల్ల మీద కూర్చుని ఆయన కవరు విప్పాడు. లోపల, పలకలు బిగించేటప్పుడు చేతులకు తొడుక్కునే తెల్లటి నూలు గ్లవ్సు జత, మడత పెట్టి ఉంది. అరచేతులు రెండూ తెల్లగానే ఉన్నాయి. కుడిచేతి మూడు వేళ్ల కొసలకు మాత్రం, ఆ మచ్చను తుడిచినప్పుడు అంటిన మసి, ఇంకా నల్లగా ఉంది.